ఎర్ర దీపం వెలిగాక

నిన్న అంగళ్లు ఊరు దాటుతుండగా నా కారులో పెట్రోలు దీపం వెలిగింది. ఇంకా నలభై కిలోమీటర్లు పోవచ్చని పక్కనే అంకె కూడా కనిపించింది.

మా నాయన బాడుగకు తోలిన పాత కారులో అంకె ఉండేది కాదు, ఎర్ర దీపం ఒక్కటే. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకసారి, కుప్పంలో పెళ్లివాళ్లను దించి మేమిద్దరమే మదనపల్లెకు తిరిగి వస్తుంటే అది వెలిగింది. పలమనేరు బంకులో స్టాకు లేదన్నారు. ఇక పుంగనూరే దిక్కు.

"ఇంకెంత దూరం పోతాది నాయనా?" అన్నాను.

"నువ్వు మాట్లాడతా ఉన్నంత దూరం పోతాదిమ్మా. ఆపొద్దు."

నేను నమ్మేశాను. టీచరమ్మ తిట్టిన సంగతి, మా మేక ఈనిన సంగతి, అన్నీ చెప్పాను. దిగుడు వచ్చినప్పుడల్లా నాయన ఇంజన్ ఆపేసి కారును ఊరికే దొర్లనిచ్చేవాడు. ఆ నిశ్శబ్దంలో, వేడెక్కిన రెక్సిన్ వాసనలో, నా గొంతు నాకే పెద్దగా వినిపించేది. చెప్పడానికి ఏమీ మిగలక పన్నెండో ఎక్కం అందుకున్నాను.

పుంగనూరు బంకులో నాయన కారు దిగితే చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

"సూడు, నీ మాటలతోనే వచ్చేసినాం" అన్నాడు.

ఆ చెమట ఎండది కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తెలిశాక చెబుదామంటే ఆయన లేడు.

నిన్న దారిలో బంకు వచ్చినా నేను ఆగలేదు. ఏసీ ఆపి, అద్దాలు దించి, పక్కన ఖాళీ సీటు వైపు చూసి, "నాయనా, ఈపొద్దు ఏమైందంటే" అని మొదలుపెట్టాను.