చెప్పుల స్టాండు మోగిన ఆదివారాలు

పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో జనాల చెవులు పరీక్షించడం నా ఉద్యోగం. మనిషిని చిన్న చెక్క గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తాను. అద్దానికి ఇవతల కూర్చుని సన్నవీ లావువీ రకరకాల కూతలు పంపిస్తాను. వినబడితే నొక్కాలి, లేకపోతే ఊరుకోవాలి. ఇంత చిన్న పనిలో కూడా మనవాళ్ళు కాపీ కొడతారు. నా చేతి కదలిక చూసి నొక్కేవాళ్ళు కొందరు, మనసులో లెక్కపెట్టుకుని నొక్కేవాళ్ళు కొందరు. కళ్ళు మసకబారాయని చెప్పుకోవడానికి ఎవరికీ సిగ్గు లేదు. చెవుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పరువు అడ్డం వస్తుంది.

పగలంతా అంత సన్నటి కూతలతో గడిపిన మనిషికి ఒళ్ళంతా ఊపేసే పాట ఒకటి కావాలనిపిస్తుంది. నాకు డాన్సంటే పిచ్చి. కానీ మా అమీర్‌పేట గల్లీల్లో బరాత్‌కు వచ్చే డీజే బండి అంటే ఒళ్ళుమంట. అందులో పాడే మనిషి ఏమైపోయిందో తెలియదు, దడదడ ఒక్కటే మిగులుతుంది. ఒకసారి ఉండబట్టలేక ఆ డీజే అతన్ని అడిగేశాను.

"అన్నా, జర పాడేటామె గొంతు వినబడనియ్యి."

"గొంతు ఎవరికి కావాలె అక్కా? దుమ్ము లేవాలె గని" అన్నాడు.

ఆ మంటతోనే నా సొంత సిస్టం నేనే కట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. దుమ్మూ లేవాలి, గొంతూ వినబడాలి. దడదడకు రెండు పెద్ద ఊఫర్లు, గొంతుకు రెండు చిన్న హారన్లు, వాటిని మోగించడానికి ఒక యాంప్ కిట్టు నెమ్మదిగా సమకూర్చుకున్నాను. టంకం పెట్టడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. రెండు వేళ్ళు కాలాయి, ఒక బెడ్‌షీటు కాలింది, చివరికి యాంప్ పలికింది. ఇక మిగిలింది వాటిని బిగించే డబ్బాలు.

మా గల్లీ చివర ఒక కార్పెంటర్ భాయ్ ఉన్నాడు. ఈ చుట్టుపక్కల హాస్టళ్ళన్నిటికీ లాకర్లు, మంచం కింది పెట్టెలు చేసేది ఆయనే. మందపాటి ప్లైవుడ్‌తో నడుమెత్తు డబ్బాలు రెండు కావాలని కాగితం మీద గీసి ఇచ్చాను. ముందు ఊఫర్‌కు ఒక గుండ్రటి రంధ్రం, కింద గాలి బయటికి రావడానికి ఇంకోటి, లోపల అంతా ఖాళీ. వారం తర్వాత వెళ్ళి చూస్తే డబ్బాలు ముద్దొచ్చేలా ఉన్నాయి. తొంగిచూస్తే లోపల ఒక్కోదానికి రెండు అరలు. వెనక తలుపు, తలుపుకు గొళ్ళెం, గొళ్ళేనికి తాళం.

"భాయ్, ఇదేంది?"

"ఖాళీ ఉండె గద అక్కా. గంత జాగా ఎవరన్న వేస్ట్ చేస్తరా? తాళం సుత పెట్టిన. ఫికర్ చెయ్యకు, దానికి నువ్వేం ఇయ్యొద్దు."

ముగ్గురు పడుకునే గదిలో ఆరుగురి సామాను సర్దించే మనిషికి ఖాళీ డబ్బా అంటే చేతకానితనం కింద లెక్క. లోపల గాలి ఆడకపోతే ఊఫర్ సరిగ్గా మోగదు, నాకు ఏడుపొచ్చింది. అరలు పీకితే డబ్బానే పగులుతుంది, అంత గట్టిగా జిగురు పెట్టాడు. చివరికి అరల మధ్యలో పెద్ద పెద్ద రంధ్రాలు కోయించి, వెనక తలుపు చుట్టూ రబ్బరు అంటించి, అలాగే ఊఫర్లు బిగించేశాము. ఆయన షెడ్డులోనే మొదటిసారి పాట పెట్టాను. బల్ల మీది రంపపు పొట్టు గంతులేసింది. పాడే ఆమె గొంతు మా ఇద్దరి మధ్యలో నిలబడి పాడినట్టు వచ్చింది. ఆ అరలే డబ్బా గోడలను కదలకుండా పట్టుకున్నాయని నాకు తర్వాత అర్థమైంది. భాయ్‌కి మాత్రం చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడు.

అసలు కష్టం వాటిని ఇంటికి చేర్చడంలో వచ్చింది. నేనుండేది అమీర్‌పేటలో ఒక ఇంటి పైకప్పు మీది ఒంటి గదిలో. సరిగ్గా కింద ఓనర్ అంకుల్, ఆంటీ ఉంటారు. మాసబ్ ట్యాంక్‌లో ఏదో సర్కారు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి ఆయన. మెట్లెక్కే ప్రతి వస్తువునూ ఆపి చూడాల్సిందే. గది ఇచ్చిన రోజే చెప్పారు, పైన చప్పుడైతే నెలలో ఖాళీ చేయాలని. అంతకు ముందు ఎస్.ఆర్. నగర్‌లో రెండు గదులు నేను పాటల మూలంగానే పోగొట్టుకున్నాను. ఇదీ పోతే డాబా ఉన్న గది మళ్ళీ దొరకదు. డాబా లేకపోతే డాన్సు లేదు.

డబ్బాల ముందు భాగానికి నల్ల గుడ్డ బిగించి, భాయ్ మనుషులతో మోయించుకుని వస్తుంటే అంకుల్ మెట్ల దగ్గరే దొరికారు.

"ఏంది బిడ్డా గిది?"

"చెప్పుల స్టాండంకుల్."

ఆయన చుట్టూ తిరిగి చూశారు. గొళ్ళెం పట్టుకుని లాగారు. "చెప్పులకు తాళమెందుకు?"

"హాస్టల్ పిల్లలు ఎత్తుకపోతరంకుల్."

"మంచి పని చేసినవ్" అని దారిచ్చారు. నా జవాబు పూర్తిగా వినకుండానే తలూపినట్టు నాకు లీలగా అనిపించింది. ఆఫీసర్ల పొగరు ఇలాగే ఉంటుందిలే అని పట్టించుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదటి పార్టీ. మా ఆసుపత్రి నర్సులు నలుగురు, పక్క హాస్టల్ అమ్మాయిలు ముగ్గురు వచ్చారు. అంకుల్ నిద్రపోయే వేళ చూసి, భయంభయంగా, చిన్నగా పెట్టాను. రెండో పాటకే డాబా తలుపు తెరుచుకుంది. ఆంటీ, చంకలో బట్టల బుట్టతో. నేను ఠక్కున ఆపేశాను.

"బంద్ చేసినవేంది? పెట్టు" అంది ఆంటీ.

"అంకుల్ లేస్తరేమో ఆంటీ..."

"ఆయన పండుకున్నడు. ఉరుము ఉరిమినా లేవడు. జర పెద్దగ పెట్టు."

ఆంటీకి వచ్చింది ఒకటే డాన్సు. కొంగు దోపుకుని, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరగడం. నేను ఏ పాట పెట్టినా సరే, బతుకమ్మ చుట్టూ తిరిగినట్టు నా డబ్బాల చుట్టూ తిరిగేది. మూడో ఆదివారానికి మేమందరం ఆమె వెనకే తిరుగుతున్నాము. పాటతో పాటు సన్నగా పాడేది కూడా. గంట తర్వాత అవే ఆరిన బట్టలు బుట్టలో వేసుకుని, ఏమీ ఎరగనట్టు దిగిపోయేది.

కింద మాత్రం ఒక విచిత్రం మొదలైంది. మంచం పక్కన స్టూలు మీద గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయట. అంకుల్ నన్ను మెట్ల మీద ఆపి, "నీళ్ళ మోటర్ ఏమన్న ఖరాబైందా? ఆదివారం రాంగనే గోడలు అదురుతున్నయ్" అన్నారు. నేను గంభీరంగా ముఖం పెట్టి, అయ్యుండొచ్చని తలూపాను. పాట వినబడలేదా అని ఆయన్ని అడిగే ధైర్యం నాకు లేదు. వినబడకపోవడమేమిటని ఆలోచించే తెలివీ లేకపోయింది. ప్లంబర్ ఒకసారి వచ్చి మోటర్‌కు గ్రీజు పూశాడు, ఇంకోసారి వచ్చి బోల్టులు బిగించాడు. మూడోసారి ఆదివారమే వచ్చాడు. చప్పుడు వెంట నేరుగా డాబా మీదికి వచ్చి, మమ్మల్ని చూసి, ఒక పాటకు మాతో స్టెప్పులేసి కిందికి వెళ్ళాడు. "వాషర్ అరిగింది సార్, మార్చిన" అని గట్టిగా చెప్పడం పైకి వినిపించింది. మేము నవ్వలేక చచ్చాము.

ఆ నవ్వు ఒక బుధవారం ఆగిపోయింది. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆంటీ సోఫాలో కాలు చాపుకుని ఉంది. చీలమండ బూరెలా ఉబ్బింది. బాత్‌రూంలో జారి పడిందట. లేవలేక పిలుస్తూనే ఉందట. అంకుల్ పక్క గదిలోనే పేపర్ చదువుకుంటున్నారు.

"గొంతు పోయేదాక ఒర్రిన బిడ్డా. పేపర్ అంత చదివినంక, చాయ్ అడుగుదామని లేచి వచ్చిండు." ఆమె కోపంగా కూడా చెప్పలేదు. "అదే నీ డబ్బా మోగితే గ్లాసు చూసి లేచేటోడు."

నాకు సిగ్గేసింది. పగలంతా ఊరివాళ్ళ చెవులు పరీక్షించేదాన్ని, నా గది కిందే ఉన్న మనిషి చెవులు గమనించలేదు. గమనించకపోవడం నాకు బాగా కలిసొచ్చింది, అందుకే గమనించలేదు. ఇప్పుడు ఆయనకు చెవులు వస్తే నా గది పోతుంది. ఆ మాట ఆంటీ కూడా ఆలోచించినట్టుంది.

"నా ఆదివారం పోతదేమో గదా?" అంది.

"పోతదాంటీ."

"పోనియ్యి. మల్ల జారితే ఎట్ల?"

ఆయన్ని పరీక్షకు తీసుకెళ్ళడానికి ఇంకో అబద్ధం ఆడక తప్పలేదు. కొత్త మిషన్ వచ్చిందనీ, దాన్ని సరిచూసుకోవడానికి మంచి చెవులున్న మనిషి కావాలనీ చెప్పాను. రెండుసార్లు, ముఖం చూసి, గట్టిగా. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పంజాగుట్ట వచ్చారు. చెక్క గదిలో నిటారుగా కూర్చుని, అటెండెన్స్ రిజిస్టర్లో సంతకాలు పెట్టినట్టు లెక్క తప్పకుండా బటన్ నొక్కడం మొదలుపెట్టారు. నేనింకా ఒక్క కూత కూడా పంపలేదు.

పరీక్ష మళ్ళీ మొదటినుంచి చేశాను. లావు శబ్దాలకు బాగానే నొక్కారు. సన్నవాటి దగ్గరికి వచ్చేసరికి వేలు కదలలేదు. డాక్టర్ కూడా చూసి, చెవి మిషన్లు పెట్టుకోవాల్సిందేనన్నారు. ఆయన నా బల్ల ముందు కూర్చుని గ్రాఫు తనవైపు తిప్పుకున్నారు. గీత కొంతదాకా తిన్నగా పోయి, తర్వాత కిందికి దిగిపోయింది.

"గీడ ఏమున్నది?" అని ఆ పల్లం మీద వేలు పెట్టారు.

"ఆడవాళ్ళ మాటల్ల సన్నటి శబ్దాలన్నీ ఆడనే ఉంటయంకుల్. ఆంటీ గొంతు సగం ఆడనే పోతుంది."

"ఎన్ని రోజుల సంది?"

"ఏండ్లే అయ్యుంటదంకుల్."

ఆయన ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "అది నాతోని మాట్లాడుడు తగ్గించిందనుకున్న" అన్నారు. మోటర్ గురించి తలూపిన నా తల నాకే బరువుగా అనిపించింది.

శుక్రవారం చెవి మిషన్లు వచ్చాయి. ఆ ఆదివారం నేను ఎవరినీ పిలవలేదు. డబ్బాల మీద దుప్పటి కప్పేసి, గదిలో కూర్చుని, సామాను ఎన్ని పెట్టెల్లో పడుతుందో ఊహించుకుంటున్నాను. మూడు దాటాక మెట్ల మీద అడుగులు. అంకుల్ ఒక్కరే పైకి వచ్చారు.

"గా మోటర్ ఇయ్యాల నడుస్తలేదేంది?"

ఇంకో అబద్ధం నా నోటిదాకా వచ్చింది, కానీ రాలేదు బయటికి. లేచి దుప్పటి తీశాను. మోటర్ ఇదేనని, ఇవి చెప్పుల స్టాండ్లు కావని, గ్లాసు నేనే వణికించానని, ప్లంబర్‌ను మూడుసార్లు తిప్పింది కూడా నేనేనని చెప్పేశాను. ఆంటీ పేరు మాత్రం ఎత్తలేదు. ఆయన డబ్బాల చుట్టూ అచ్చం ఆ రోజులాగే తిరిగి చూశారు.

"పెట్టు" అన్నారు.

పెట్టాను. చేతులు వెనక్కి కట్టుకుని, ఏదో ఫైలు చదువుతున్నట్టు ముఖం పెట్టి పాట సగం విన్నారు. తర్వాత చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఎడమ దాంట్ల ఏదో ఇనుము కొట్టుకుంటుంది."

వెళ్ళి చూస్తే నిజమే. భాయ్ పెట్టిన గొళ్ళెం వదులై టకటక కొట్టుకుంటోంది. ఇన్ని ఆదివారాలు నేను గర్వంగా వింటూ కూడా దాన్ని వినలేదు. గొళ్ళెం కింద గుడ్డపేలిక దూర్చాను. నోటీసు ఇప్పుడు ఇస్తారు, ఇప్పుడు ఇస్తారని చూస్తున్నాను. ఆయన పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి వంగారు.

"ఏమే, ఓసారి పైకి రా!"

"ఆఁ, వస్తున్న!" అని ఆంటీ కింద నుంచి గట్టిగా అరిచింది. మధ్యాహ్నం నిద్రకు తీసిన చెవి మిషన్లు ఆయన మళ్ళీ పెట్టుకోలేదనే అనుకుందామె. ఆ వెంటనే, ఏళ్ళ తరబడి అలవాటైన ధీమాతో, గొంతు తగ్గించి తనలో తాను అనుకుంది. "కాలు నొస్తుంటె మెట్లెక్కుమంటడు, పనిలేని ముసలోడు."

అంకుల్ గిరుక్కున నా వైపు తిరిగారు. కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు.

"ఇన్నవా బిడ్డా? పనిలేని ముసలోడట!"

మళ్ళీ పిట్టగోడ మీంచి నడుము దాకా వంగి, గల్లీ అంతా వినబడేలా అరిచారు.

"ఏమే, ఇంకొక్కసారి అను!"