మేడ మీది అద్దాలూ, మా అత్తమ్మా

కిందటి నెల ఒక మధ్యాహ్నం మా అత్తమ్మ కన్నుమూసింది. పప్పుచారుతో నాలుగు ముద్దలు తిని, "కాసేపు నడుం వాలుస్త" అని మంచమెక్కింది. టీ తీసుకెళ్లి లేపితే లేవలేదు. ముఖంలో నొప్పి జాడ కూడా లేదు. ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని, రోజూ ఎలా నిద్రపోయేదో అలాగే ఉంది.

బంధువులకు నేనే ఫోన్లు చేశాను. ఎవరికి చెప్పినా మొదట అడిగింది ఒకటే మాట.

"మేడ మీదికెళ్లి పడ్డదా ఏంది?"

"లేదు, మంచంలోనే. నిద్రలోనే పోయింది" అనగానే అవతలి నుంచి ఊరటగా పెద్ద నిట్టూర్పు. ఏడుపు ఆ తర్వాత వచ్చేది. మా ఆడబిడ్డ అయితే వెక్కుతూనే, "పోనీ వదినా, గంత సుఖంగ పోవుడు ఎందరికొస్తది" అంది. నిజం చెప్పాలంటే నా మనసులోనూ దుఃఖం కంటే ముందు వచ్చింది ఆ నిట్టూర్పే.

వాళ్లు అలా అడగడానికి కారణం ఉంది. మా ఇల్లు మణుగూరులో, బొగ్గు లారీలు తిరిగే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఇంటి వెనక నాలుగు చేలు దాటితే అడవి. మేడ మీద గదులు వేసినప్పుడు మావారు హైదరాబాదులో ఎక్కడో చూసి వచ్చి, బాల్కనీకి పిట్టగోడకు బదులు అద్దాల రెయిలింగు పెట్టించారు. మా వీధిలో అటువంటిది అదే మొదటిది. మామయ్య పోయాక, వేంసూరు దగ్గరి పొలాన్ని కౌలుకిచ్చి అత్తమ్మ మా దగ్గరికి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే.

మొదటిసారి మెట్లెక్కి పైకి వచ్చి, గడప దగ్గరే ఆగిపోయింది.

"ఇదేంది బిడ్డా, గోడ పెట్టుడు మర్చిండ్రా?"

"అద్దం ఉందమ్మా. చాలా గట్టిది" అన్నారు మావారు.

"ఉంటే కనవడాలె గద!"

చాలా రోజులు ఆమె గడప దాటలేదు. ఒక ఉదయం నేను బట్టలు ఆరేస్తుంటే, గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, దూరం నుంచే చెయ్యి చాపి అద్దాన్ని తాకింది. "సల్లగున్నది" అంది, పశువు నుదురు నిమిరినట్టు నిమురుతూ. మర్నాడు బకెట్టుతో వచ్చింది. భయపెట్టే వస్తువు ఏదైనా సరే, దానితో పని చేసి భయం తీర్చుకోవడం ఆమె పద్ధతి. ఊళ్లో కరెంటు మోటారు కొత్తగా బిగించినప్పుడు కూడా ఇలాగే చేసిందట.

అప్పటికే ఆ అద్దాల మీద వెంట్రుకల్లాంటి గీతలు పడ్డాయి. మా వైపు గాలిలో బొగ్గు నలుసు, మట్టి ఎప్పుడూ ఉంటాయి. పొడిబట్టతో తుడిస్తే అవే అద్దాన్ని గీకేస్తాయి. అత్తమ్మ వేలితో కొంచెం దుమ్ము తీసి నలిపి చూసి, "ఇది ఇసుకనే గద" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే మాట: "ముందు నీళ్లు, తర్వాత చెయ్యి." చెంబుతో నీళ్లు పోసి దుమ్మంతా జారిపోయాకే మెత్తటి బట్ట తాకించేది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు కొంచెం, ఆ తర్వాత మంచినీళ్లు, చివర మామయ్య పాత పంచె ముక్కతో తడి ఆర్పడం. ఇదంతా ఎండ ముదరక ముందే. వేడెక్కిన అద్దం మీద సబ్బు అట్టలు కడుతుంది.

బోరు నీళ్ల తెల్లటి మరకలు పోవడానికి ఎవరో బాత్‌రూములు కడిగే యాసిడ్ వాడమన్నారు. ఆమె మూత తీసి వాసన చూసి, సీసాను తీసుకెళ్లి దూరంగా పెట్టేసింది. "స్టీలు పట్టీలు తినేస్తది. అవ్వే గద దీన్ని పట్టుకున్నయి" అంది. నిమ్మరసం కలిపిన నీళ్లతో తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడిగేసేది. ప్రతి పట్టీనీ వేళ్లతో కదిలించి చూసేది.

బయటి వైపు తుడవడమే అసలు సమస్య. ఒక ఆదివారం మావారు స్టూలెక్కి, రెయిలింగు మీదుగా సగం శరీరం బయటికి వంచి తుడుస్తున్నారు. అత్తమ్మ వెనక నుంచి వచ్చి చొక్కా గట్టిగా పట్టుకుంది.

"దిగు."

"అయిపోయిందమ్మా, ఆ ఒక్క మూల..."

"మూల మురికుంటే ఎవ్వరు సావరు. నువ్వు దిగు."

ఆ తర్వాతి సంతలో పొడుగాటి వెదురుగడ ఒకటి కొనిపించి, చివర స్పాంజి కట్టించింది. బయటి వైపు ఇక కింద నేల మీద నిలబడే కడగడం. అలా కడుగుతున్నంతసేపూ పైన తడి బండల మీదికి ఎవరినీ రానిచ్చేది కాదు. అద్దాలు మరీ శుభ్రమయ్యేసరికి చిలకలు వచ్చి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. తన పెట్టెలోంచి ఎర్ర బొట్టుబిళ్ళలు తెచ్చి అద్దాల నిండా అతికించింది. చూసినవాళ్లంతా నవ్వారు. చిలకలు మాత్రం తప్పుకుని పోయేవి.

ఇక మా పాప మొదటి పుట్టినరోజు సంగతి చెప్పాలి. భోజనాలు మేడ మీద అనుకున్నాం. ముందు రోజు షామియానా వాళ్లు ఇనుప గొట్టాలు పైకెక్కించారు. మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే అద్దం కడుగుతున్న అత్తమ్మ చేతిలోని బట్ట ఒకచోట చిక్కుకుంది. వంగి చూస్తే మెట్ల పక్క అద్దం కింది అంచున వేలిగోరంత పెచ్చు లేచి ఉంది. గొట్టం ఏదో తగిలినట్టుంది. ఆమె బట్ట అక్కడే వదిలేసి లేచింది.

"ఇయ్యాల పైకి ఎవ్వరు రావొద్దు" అంది.

మావారికి చిరాకేసింది. "అమ్మా, వంటలు పైకి తెచ్చేసినం. ఖమ్మం నుంచి చుట్టాలు బయలుదేరిండ్రు. గింత పెచ్చుకే ఏమైతది?"

"నాకు తెల్వదు ఏమైతదో. తెల్వనప్పుడు పిల్లలను దాని పక్కన కూసుండబెడ్తమా?"

ఆయన ఇంకేదో అనబోయారు. ఆమె వాదించలేదు. కిందికి దిగి, నులకమంచాన్ని ఈడ్చుకొచ్చి మెట్ల మొదట్లో అడ్డంగా వేసి, దాని మీద కూర్చుంది. వంటలు కిందికి దిగాయి. అంతటితో వదల్లేదు. ఆ అద్దం కింద వాకిట్లో పిల్లల కోసం వేసిన కుర్చీలను కూడా తీయించి, అక్కడ తాడు కట్టించింది. మా ఆడబిడ్డ అత్తగారి ముందు మాకు తల కొట్టేసినట్టయింది. ఇరుకు వాకిట్లో, ఎండలో చెమటలు కారుస్తూ చుట్టాలు భోజనాలకు కూర్చున్నారు. ముసలావిడ చాదస్తమని గుసగుసలు నా చెవిన పడ్డాయి.

రెండో బంతి నడుస్తుండగా, ఎండ నిట్టనిలువుగా కాస్తున్నప్పుడు, పైన ఢామ్మని పేలింది. తలెత్తేలోపే ఆ అద్దం మొత్తం రాళ్లుప్పులా చిన్న చిన్న ముక్కలై, తాడు కట్టిన జాగాలో జలజలా రాలింది. కొన్ని ముక్కలు గోడకు తగిలి ఎగిరి, తాడు దగ్గర ఆగాయి. తల్లులు పిల్లల పేర్లు పెట్టి పిలిచారు. ఒక్కొక్కరే పలికారు. ఎవరికీ గీత కూడా పడలేదు.

మావారు తాడు వైపు చూస్తూ అలాగే నేల మీద కూలబడిపోయారు. చేతిలోని గరిటె ఇంకా వదల్లేదు. అత్తమ్మ మంచం మీంచి లేచి వచ్చి, ఆయన చేతిలోంచి గరిటె తీసుకుని, నీళ్ల గ్లాసు పెట్టింది.

"ఎవ్వరికేం కాలేదు గద. లే బిడ్డా. చుట్టాలు సగం అన్నంల ఉన్నరు, పెరుగు ఎవరు వడ్డిస్తరు?"

ఆ ఒక్క మాటతో మళ్లీ అందరికీ ఊపిరి వచ్చింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు పంక్తి పొడుగునా పాకింది. మా ఆడబిడ్డ అత్తగారు లేచి వచ్చి, అత్తమ్మ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ రోజు తిన్నంత రుచిగా పెరుగన్నం నేను ఎప్పుడూ తినలేదు. చెప్పులు లేకుండా ఎవరినీ అటు పోనివ్వకుండా, చేతులకు తొడుగులు వేయించి ముక్కలన్నీ ఊడ్పించి, మిగిలిన నలుసులు తడి గుడ్డతో అద్దించాకే ఆమె విస్తరి ముందు కూర్చుంది.

తర్వాత ఖమ్మం నుంచి మేస్త్రీ వచ్చి కొత్త అద్దం బిగించాడు. అంచున పెచ్చు లేచిన ఇటువంటి గట్టి అద్దం ఎండకు వేడెక్కితే ఒక్కసారిగా పేలిపోతుందని చెప్పాడు. మిగతా పట్టీలన్నీ కూడా చూసి వెళ్లాడు. చాదస్తం అన్న మాట మా చుట్టాల్లో మళ్లీ ఎవరూ అనలేదు.

చివరి రోజుల్లో ఆమె మోకాళ్లు సహకరించలేదు. గుండె బలహీనంగా ఉందని దవాఖానాలో చెప్పారు. మెట్లు ఎక్కొద్దన్నా మానేది కాదు. నేను పాఠాలు చెప్పే బడి నుంచి ఇంటికి వస్తూ, మలుపు తిరగగానే నా కళ్లు ముందు మేడ మీదికి పోయేవి. పైన కుర్చీలో కూర్చుని, అద్దం కడిగే నన్నో మావారినో అజమాయిషీ చేసేది. "జల్దీ ఏం లేదు. పట్టుకుని నడువు" అనేది. ఆ మెట్ల మీద ఏమవుతుందో, దవాఖానాలో మంచాన పడి ఎన్నాళ్లు బాధపడుతుందో అని మేం లోలోపల వణికిన రోజులు చాలా ఉన్నాయి. అవేవీ జరగలేదు. ఎవరి చేతా చేయించుకోకుండా, తన మంచంలో, తన నిద్రలో వెళ్లిపోయింది. మా అందరినీ భద్రంగా చూసుకున్న మనిషి తానూ భద్రంగానే దాటిపోయిందన్న నిమ్మళం మాకు మిగిలింది.

పెద్దకర్మ నాడు భోజనాలు మేడ మీదే పెట్టాం. పెద్దవాళ్లు కింద మాట్లాడుకుంటుంటే నేను చాపలు తీయడానికి పైకి వెళ్లాను. ఆడి ఆడి అలసిన పిల్లలంతా అద్దాల వారనే వరసగా నిద్రపోతున్నారు. ఒకరి కాలు ఇంకొకరి పొట్ట మీద, మా పాప తల ఎవరి ఒళ్లోనో. అద్దం అవతల అడవి మీద మబ్బు పట్టింది. అద్దాల కింది సందులోంచి చల్లటి గాలి వచ్చి పిల్లల జుట్టు కదిలిస్తోంది. చాపలు తీయకుండానే నేను మెల్లగా దిగి వచ్చాను.