ఉమాశ్రీ వినని పాటలు

మాదాపూర్ ఆఫీసులో నిన్నటిదాకా చెవుల్లో తెల్లటి ఇయర్‌బడ్స్ లేకుండా ఉమాశ్రీని చూసినవాళ్లు లేరు. పాటల పిచ్చి అనుకునేవారు. నిజానికి ఆమెకు వినికిడి తక్కువ. ఎదుటివాళ్ల మాటను పెంచి వినిపించేది ఆ బడ్సే. తెలిస్తే క్లయింట్ మీటింగుల నుంచి తప్పిస్తారని భయం. అందుకే అందరూ భోజనానికి లేచాక, ఒంటరిగా కూర్చుని వాటిని చార్జింగ్ పెట్టుకునేది.

నిన్న క్లయింట్ల ముందే మేనేజర్ సాయిచంద్ చిరాకుపడ్డాడు. "మీటింగుల గూడ పాటలేంది ఉమా? జర తియ్." ఆమె తీసి బల్లమీద పెట్టింది. గదిలోని మాటలన్నీ అలుక్కుపోయాయి. అతను తెర వైపు తిరిగి ఏదో అడిగాడు. అందరూ ఆమె జవాబు కోసం చూస్తున్నారు. "అవి లేకపోతే నాకు సరిగా వినపడదండి," అంది, గొంతు ఎంత పెద్దగా వచ్చిందో తెలియక. సాయిచంద్ ఇటు తిరిగాడు. బడ్స్ ఆమె ముందుకు జరిపి, పెట్టుకునేదాకా ఆగి, అదే ప్రశ్న మళ్లీ ఆమెనే అడిగాడు.