ఆరిందేమో చూశాను

తడి రంగు కనబడితే ఓస్వాల్డ్ వేలు ఆగదు. ఆరిందో లేదో ముట్టుకుని చూడాల్సిందే. అందుకే ఆయన చేసిన బొమ్మ విమానాలన్నిటి మీదా ఎక్కడో ఒకచోట బొటనవేలి ముద్ర ఉంటుంది.

ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఓ చిన్న ఊరి బొమ్మ విమానాల క్లబ్బు గురువారం మధ్యాహ్నాలు చర్చి హాల్లో కూడుతుంది. ఓస్వాల్డ్ గుమ్మంలో కనబడగానే ఎవరి విమానాలకు వాళ్లు చేతులడ్డం పెట్టుకునేవాళ్లు. ఒకసారి భార్య మ్యూరియల్ విసిగిపోయి, వేడి గిన్నెలు దించే గుడ్డ తొడుగులు ఆయన చేతులకు తొడిగింది. ఆ పూట ముద్ర పడలేదు. తొడుగుల నూగంతా అంటుకుని, యుద్ధవిమానం కాస్తా గొర్రెపిల్లలా తయారైంది.

"ఎందుకు ముట్టుకున్నావయ్యా?" అనేవాడు క్లబ్బు అధ్యక్షుడు నార్మన్.

"ఆరిందేమో చూశాను."

"ఆరిందా?"

"లేదు."

క్లబ్బులో ఎవరి విమానం మీద మరక పడ్డా నేరం ఓస్వాల్డ్‌దే. ఆయన కూడా అడిగిందే తడవు ఒప్పేసుకునేవాడు.

ఆ ఏడాదే చేరిన విన్నీ స్కూలు బస్సు డ్రైవరు. నలభైమంది పిల్లల అల్లరికి జంకని మనిషి, నార్మన్ కళ్లజోడు సవరించుకుంటే హడలిపోయేది. ఆమె మొదటి విమానం మీద రంగు పల్చనై కన్నీళ్లలా కారింది. రెండోదానికి నలుపనుకుని ముదురు నీలం వేసేసింది. ఇంకొక్కటి చెడితే మానేస్తానని ఇంట్లో చెప్పేసింది కూడా. మూడోది లాంకాస్టర్ బాంబర్. రెండో ప్రపంచయుద్ధంలో అలాంటి విమానంలోనే తుపాకీ పేల్చిన, ఊళ్లోకెల్లా పెద్దాయన ఆర్మరాడ్‌గారికి తొంభై ఏడో పుట్టినరోజు కానుక. మూడు నెలలు కష్టపడింది.

పుట్టినరోజునాడు పెద్దాయన కారు హాలు బయట ఆగిన చప్పుడైంది. విన్నీ కంగారుగా విమానాన్ని పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున్నే మెరుగుదిద్దిన ఎడమ రెక్క ఇంకా ఆరలేదు. దాని మీద ఆమె బొటనవేలు అచ్చు గుద్దినట్టు దిగింది. చటుక్కున చెయ్యి జేబులో దాచుకుంది.

నార్మన్ చూడనే చూశాడు. "ఇదెవరి పని?"

విన్నీ జేబులోని చేతిని ఇంకా లోపలికి దూర్చింది.

"నాదే," అన్నాడు ఓస్వాల్డ్, టీ కప్పు కింద పెడుతూ. "ఆరిందేమో చూశాను."

"ఈ ఒక్కరోజైనా ఊరుకోలేకపోయావా? పెద్దాయనకి ఏ మొహం పెట్టుకుని ఇవ్వమంటావు?"

ఆర్మరాడ్‌గారు వచ్చి కూర్చున్నారు. భూతద్దం తీసి ఎడమ రెక్క దగ్గరే చాలాసేపు ఆగారు.

"ఒక్క వేలిముద్రేనా?" అన్నారు చివరికి. "మాదాని మీద బూటు ముద్రలుండేవి. ఇంత శుభ్రంగా ఉంచితే మేం యుద్ధానికి వెళ్లామని ఎవరు నమ్ముతారు?"

నార్మన్ కూడా నవ్వేశాడు. అందరూ కేకు చుట్టూ చేరగానే విన్నీ ఓస్వాల్డ్‌ని పక్కకు పిలిచి రంగంటిన బొటనవేలు చూపించింది.

"అది నేను. మీరెందుకు తిట్లు తిన్నారు?"

"నాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఒంటికి పట్టవు. నువ్వయితే వచ్చే గురువారం రావడం మానేస్తావు."

"అయితే మిగతావాళ్లవి కూడా..."

"నా విమానాలు తప్ప ఇంకొకరివి ముట్టుకుని ఎరుగను."

"మరి నిరుడు నార్మన్‌గారి సముద్రవిమానం? దానికి మీతో నెల రోజులు మాట్లాడలేదటగా?"

ఓస్వాల్డ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అది నార్మనే ముట్టుకున్నాడు. ఆయనకి చెప్పకు. నేనే చేశానని ఇప్పుడు మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు."