బక్కయ్య కొన్న ఇల్లు

పాలకుర్తికి రెండు కోసుల దూరంలోని ఒక ఊళ్లో, నేతపని చేసే బక్కయ్యకు నలభై ఏళ్లు దాటినా సొంత గోడ లేదు. మగ్గం చంకన పెట్టుకుని తిరిగే వస్తువు కాదు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేయాలి. ఇంటివాడు పొమ్మన్నప్పుడల్లా గుంట పూడ్చి, నేల అలికి ఇచ్చి, ఇంకో ఇంట్లో మళ్లీ తవ్వుకోవాలి. అట్లా ఏడు గుంటలు తవ్వాడు. ఎనిమిదోది సొంత ఇంట్లో తవ్వాలని, అక్కడి నుంచి తనను ఎవరూ వెళ్లగొట్టకూడదని ఆయన కోరిక. ఏమంత పెద్ద కోరిక!

కులస్థుడు రాజలింగం సోలాపూరు మిల్లుకు పనికి పోతూ తన రెండర్రల పెంకుటిల్లు అమ్ముతానన్నాడు. బక్కయ్య భార్య అండాలు కాళ్ల కడియాలు తీసి ఇచ్చింది. డబ్బు చేతులు మారితే ఇల్లు మనదేనని అనుకున్నారు ఇద్దరూ. కాదట. కులపెద్దల ముందు మాట జరగాలి. నాలుగు దిక్కులా హద్దులు నడిచి చూపాలి. జనగామ నుంచి స్టాంపు కాగితం తేవాలి. దాని మీద ఊరి దొర దగ్గర లెక్కలు రాసే మున్షీ ఉర్దూలో రాయాలి, అమ్మినవాడూ కొన్నవాడూ సాక్షులూ వేలిముద్రలు వేయాలి. ఆ పైన జనగామ కచేరీలో రిజిస్ట్రీ కావాలి. ఒక పని పూర్తయ్యాక గానీ ఇంకో పని ఉందని మున్షీ చెప్పేవాడు కాదు, మహానుభావుడు. చెప్పినప్పుడల్లా బక్కయ్య ఒక చీర నేసి ఆయన ఇంట్లో ఇచ్చి వచ్చేవాడు.

"ఇగ నువ్వు పరేషాన్ గాకు. కాగితం నేనే జనగామకు పంపుత. ముద్ర పడ్డంక తీస్కపోదువు," అన్నాడు మున్షీ చివరికి.

ఎనిమిదో గుంట తవ్విన రోజు అండాలు అందులో పసుపు కుంకుమలు చల్లి, ఇరుగుపొరుగుకు బెల్లం పంచింది.

అప్పటికే చుట్టుపక్కల ఊళ్లలో దొరల మీద రైతుకూలీల సంఘం లేచింది. మరుసటి ఎండాకాలం దొర పెళ్లాంపిల్లలతో హైదరాబాదుకు పారిపోయాడు, మున్షీ కూడా ఆయన వెంటే పోయాడు. ఆడా మగా జనమంతా దొర ఉండే గడీ తలుపులు పగలగొట్టి లోపలి కాగితాలన్నీ బయటికి మోశారు. వెట్టి కాగితాలు, భూములు గుంజుకున్న కాగితాలు, తరాలుగా ఊరిని కట్టేసినవి. బక్కయ్య కూడా రెండు ఎర్రబట్ట మూటలు నెత్తిన పెట్టుకుని తెచ్చి మంటలో వేశాడు. అన్నీ ఉర్దూలో ఉన్నాయి, చదివేవాడు లేడు. తన కాగితం జనగామ చేరి ఏడాదయిందనే ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని తప్పు పట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

నిజాం రాజ్యం పోయాక, కాగితం తెచ్చుకుందామని జనగామకు నడిచి పోయాడు. కచేరీ గుమాస్తా రెండు పుస్తకాలు తిరగేసి తల అడ్డంగా ఊపాడు.

"మీ ఊరికెళ్లి గసొంటి కాగితమే రాలె. రాసినాయన దగ్గర్నే ఉంటది సూడు."

బక్కయ్య మెట్లు దిగుతూ లెక్క కట్టుకున్నాడు. మున్షీ దగ్గర ఉండటమంటే గడీలో ఉండటమే. గడీలో ఉందంటే మూటల్లో ఉన్నట్టే. ఇంటికొచ్చి అండాలుకు ఆ సంగతి చెప్పలేకపోయాడు. "వస్తదట" అన్నాడంతే.

కాగితం రాలేదు. దొర వచ్చాడు, కొత్త సర్కారు మిలిటరీని వెంటబెట్టుకుని. గడీ ముందు క్యాంపు వెలిసింది. కాగితాలు కాల్చినవాళ్ల కోసం ఇల్లిల్లూ గాలించారు. తీసుకుపోయినవాళ్లలో అందరూ తిరిగి రాలేదు. ఒకరోజు పొద్దున మున్షీ ఇద్దరు సిపాయిలతో బక్కయ్య గుమ్మం ముందు నిలబడ్డాడు. రాజలింగం ఊరు విడిచి పోయాడు గనక ఇల్లు గడీదేనట.

"కొన్న అంటివి గదరా. ఏది కాగితం?"

"మీరే రాస్తిరి గదయ్యా, బాంచెను."

"రాస్తే గడీల ఉండె. గడీ కాగితాలు ఎవలెవలు మోసిన్రో, ఎవలు కాలవెట్టిన్రో పేర్లు చెప్పు. గప్పుడు నీ కాగితం సంగతి చూస్తం."

అండాలు ముందుకు ఉరికింది. "ఉన్నదయ్యా! నా కండ్ల ముంగటనే ఏలుముద్ర ఏసిండు!"

బక్కయ్య ఆమె రెక్క పట్టి వెనక్కి లాగాడు. పేర్లు చెబితే ఇల్లు దక్కేదేమో. చెప్పాలంటే తన పేరుతో మొదలుపెట్టి సగం ఊరిని క్యాంపుకు పంపాలి.

"దానికి ఎర్క లేదయ్యా. కాగితం లేదు. నేను ఇల్లు కొననే లేదు."

మధ్యాహ్నానికల్లా మగ్గం విప్పి బండి మీద వేసుకున్నారు. లింగాల ఘనపూర్‌లో అండాలు అన్న ఉన్నాడు, అక్కడ తలదాచుకుందామని బయల్దేరారు. ఊరు దాటాక ఆమె ఇక ఆగలేకపోయింది.

"నా కడియాలు పాయె, ఇల్లు పాయె. కొననే లేదని ఎట్ల అన్నవయ్యా?"

అప్పుడు చెప్పాడు. గుమాస్తా మాట, ఎర్రబట్ట మూటలు, తాను మోసింది, అన్నీ. చెబుతూనే ఏడ్చాడు. తిడుతుందనుకున్నాడు, తిట్టినా బాగుండేది. అండాలు బండి మీద జారుతున్న మగ్గం కర్రను సర్దింది.

"గా దినం సగం కాలిన కాగితాలు గాలికి బయటవడ్డయ్," అంది. "నేనే కట్టెతోని మల్ల మంటలకు నూకిన."