తెలియకపోతే కేకెయ్యాలన్న మాస్టారు

మా ఎదురింటి మాస్టారు పోయారు. సోమవారం పొద్దున రొయ్యల గుంట గట్టు మీద ఉండగా కబురొచ్చింది. చేతిలో మేత గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు రాయడం రాదు, చెప్పి రాయిస్తున్నాను. ఆయన మంచితనం గురించి చాలామంది చెబుతారు. నేను ఆయన చేసిన ఒక తప్పు గురించీ, దాన్ని దిద్దుకున్న తీరు గురించీ చెప్పాలి.

కాలేజీలో కంప్యూటర్లు చెప్పి రిటైరైన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవర్ ఉండేది, టీ కూడా దాంతోనే కలిపేవారు. మా అల్లూరు గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లనూ మేత మిషన్నూ నడపడానికి ఒక పెట్టె తయారుచేశారు. ఏవి ఎంతసేపు తిరగాలో ఒక ఫైలులో రాసి, ఆ ఫైలును చిన్న కార్డులో పెట్టి పెట్టెకు గుచ్చేవారు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పెట్టె ముందు ఆ ఫైలు చూసుకుని పని మొదలుపెట్టేది.

ఒక మబ్బు రోజు కరెంటు పోయి వచ్చింది. ఉప్పుగాలికి కార్డు చెడి ఫైలు కనపడలేదు. పెట్టె నోరు మెదపలేదు. తన పెరటి తొట్టి కోసం మాస్టారు ఎప్పుడో లోపల రాసిపెట్టిన లెక్క పట్టుకుని, గంటకు పది నిమిషాలే గాలి పట్టించింది. పెట్టె మీద ఎప్పటిలాగే వెలుగుతున్న పచ్చ లైటు చూసి నేను నిశ్చింతగా అన్నానికి పోయాను. తిరిగొచ్చేసరికి రొయ్యలు ఊపిరాడక నీటి పైకి తేలుతున్నాయి. ఆ పంట దక్కలేదు.

"ఏంది మాస్టారూ, తెలీకపోతే తెలీదని చెప్పదా మీ పెట్టె?" అని వీధిలోనే నిలదీశాను.

"ఆగిపోకూడదని అట్టా రాసినానక్కా. ఏదో ఒక లెక్కుంటే నడస్తదని."

"మేత ఎంతెయ్యాలో తెలీకపోతే నా కాపలాదారు గట్టు మీంచి కేకేస్తాడు. వాళ్లింటి కోళ్లకేసినంత వేసి, అంతా బాగుండాదని చెప్తాడా?"

ఆయన "తప్పు నాదేనక్కా" అన్నారు.

నెల రోజులు కూర్చుని తిరగరాశారు. ఫైలు లేకపోతే ఏరియేటర్లన్నీ తిరగాలి, గాలి ఎక్కువైతే రొయ్య చావదు. మేత ఆగాలి. పెట్టె సొంతంగా కొత్త ఫైలు పుట్టించుకోకూడదు. ఏ ఫైలు, ఎక్కడ వెతికితే దొరకలేదో తెర మీద చూపించాలి.

"తెర మీద రాస్తే నేనేం చదవతా, మీ తలకాయ?" అన్నాను. నవ్వి, తన గొంతు రికార్డు చేసి పెట్టారు.

ఇప్పుడు పెట్టెలు చూసుకునే ఆయన మొన్న వచ్చి, "ఆ కేకలు తీసేస్తానవ్వా, పక్క గుంటలోళ్లు విసుక్కుంటా ఉండారు" అన్నాడు.

"విసుక్కోనీ. పెట్టె మీద చెయ్యి పడిందో, చూడు" అన్నాను.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. గుంట అవతలి నుంచి మాస్టారి గొంతు, మళ్లీ మళ్లీ: "అక్కా, ఫైలు కనపడలా. కార్డు చూడు. ఏరియేటర్లన్నీ తిప్పతా ఉండా. మేత ఆపినా. మనిషి రావాల."

గట్టు వెంట పరుగెత్తాను. కార్డు వదులై ఉంది. దాని మీద వేలు పెట్టాక, ఇంకొక్కసారి విందామనిపించింది. ఆయన పిలిచింది పనికి గదా. గట్టిగా నొక్కాను. "మనిషి" అన్నచోట గొంతు ఆగిపోయింది. పెట్టెకు ఫైలు దొరికింది, అందులోని లెక్క ప్రకారం రెండు ఏరియేటర్లు నిదానించి ఆగాయి. మిగతావి నీళ్లు చిమ్ముతూ తిరుగుతూనే ఉన్నాయి.