అభ్యంతరం మాస్టారు

అనకూడని మాట అనకుండా ఉండలేకపోవడం అభ్యంతరం మాస్టారికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. మిగతా విషయాల్లో ఆయన ఆరోగ్యంగానే ఉండేవాడు. భూగోళం చెప్పేవాడు, వేళకి వచ్చేవాడు, ఎవరి టిఫిన్ డబ్బాలోకీ తొంగిచూసేవాడు కాదు. శనివారం ఆఖరి గంట కొట్టి స్టాఫ్ మీటింగు మొదలయ్యేదాకా ఆయనంత మర్యాదస్తుడు ఆ బడిలో లేడనే చెప్పాలి.

మీటింగులో ప్రిన్సిపాల్‌గారు ప్రతి తీర్మానం చివరా "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగేవారు. అడగడమంటే మరీ అడగడం కాదు. మాట సగంలో ఉండగానే ఒక ఫైలు మూసేసి, మాట పూర్తయ్యేసరికి ఇంకో ఫైలు తెరిచేవారు. ఆ సందులోంచి ఎలా దూరేవాడో గానీ, మాస్టారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టేవాడు. అంతే, క్రాఫ్టు టీచరు టీ గ్లాసు దగ్గరికి లాక్కునేది. డ్రిల్లు మాస్టారు కుర్చీ వెనక్కి జరుపుకునేవాడు. ప్రిన్సిపాల్‌గారు మంచినీళ్లు ముందే తాగేసేవారు, తర్వాత గొంతు దిగవని. కళ్లద్దాలెందుకు తీస్తారని ఎవరో అడిగితే, ఎదుటివాళ్ల మొహాలు స్పష్టంగా కనిపిస్తుంటే తనకి నోరు పెగలదనీ, మసగ్గా ఉంటే ధైర్యమనీ చెప్పాడట.

ఒకసారి ప్రిన్సిపాల్‌గారు పిల్లలే మన ఊపిరి అన్న విషయం మీద ఊపిరాడకుండా ఉపన్యసించారు. అందరూ తలలూపారు. కళ్లద్దాలు బల్లమీదికి వచ్చాయి.

"నాకు పిల్లలంటే పెద్ద ఇష్టం లేదండీ," అన్నాడు మాస్టారు. "అందులోనూ భోజనం తర్వాతి పీరియడ్లో అస్సలు ఉండదు. మీలో ఎంతమందికి ఉంది?"

ఆ గదిలో ఫ్యాను తప్ప ఏదీ కదల్లేదు. ఒకటో తరగతి టీచరు చెయ్యి మాత్రం సగందాకా లేచి, మధ్యలో తెలివొచ్చి, జడ సర్దుకుని దిగిపోయింది.

ప్రిన్సిపాల్‌గారి గది వెనకాల ఆయనొక్కరికే ఒక మరుగుదొడ్డి ఉండేది, తాళంతో సహా. దాన్ని స్టాఫంతటికీ తెరవాలని మాస్టారు తీర్మానం పెట్టాడు. అవసరమనేది హోదానిబట్టి రాదు కదా అని ఆయన వాదన. ఆ మీటింగు గదిలో మరుగుదొడ్డి అనే మాట వినపడ్డం అదే మొదలు. భాష చెప్పే పంతులుగారు చెవులు మూసుకుని, మిగతాదంతా వేళ్ల సందులోంచి శ్రద్ధగా విన్నారు.

వైస్ ప్రిన్సిపాల్ పదవీ విరమణ సభలో అందరూ వంతులవారీగా కళ్లొత్తుకుంటుంటే మాస్టారు లేచి, ఈయన పోతున్నందుకు నాకు బెంగ లేదు, మీకూ లేదు, ఈయనకైతే అసలే లేదు అని కూర్చున్నాడు. పూలగుత్తి పట్టుకున్న ఆ పెద్దాయన పూలు రాలేలా నవ్వాడు. ఆ సాయంత్రం విన్నవాటిలో ఆయన నమ్మింది ఆ ఒక్క మాటే.

మరి ఇలాంటి మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదా అంటే, ఆ జీతానికి భూగోళం చెప్పేవాడు భూగోళంలో ఇంకొకడు దొరక్క. ప్రమోషన్ మాత్రం ప్రతి ఏడూ ఆయన పక్కనుంచే, పలకరించకుండా వెళ్లిపోయేది.

కొత్తగా చేరిన లెక్కల టీచరుకి మొదటిరోజే పంతులుగారు జాగ్రత్తలు చెప్పారు. "ఆయన పక్కన కూర్చోకండమ్మా. అంటుకుంటుంది." వినాలనే అనుకుంది ఆవిడ. తీరా చూస్తే స్టాఫ్ రూములో ఖాళీగా ఉన్న బల్ల ఆయన పక్కదొక్కటే. ఎందుకు ఖాళీగా ఉందో వేరే చెప్పాలా.

ఆ బడి గేటు మీద, నూటికి నూరుశాతం ఫలితాలు అని పెద్ద బోర్డు. అవి ఎలా వస్తాయో గోడలక్కూడా తెలుసు గానీ ఎవరూ అనరు. పరీక్ష ఫీజు కట్టే ముందు, వెనకబడిన పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, టీతోపాటే టీసీ చేతిలో పెట్టేవారు. ఫెయిల్ అనే మాట ఆ ఆవరణలో నిషిద్ధం. ఫెయిలయ్యేలా ఉన్న పిల్లని 'ఇంకా వికసించని మొగ్గ' అనాలి. గెంటెయ్యడాన్ని 'అనువైన వాతావరణంలోకి మార్చడం' అనాలి. మొగ్గల్ని తుంచి గోడవతల పారేసి, మా తోట నిండా పూలేనని చెప్పుకోవడం అన్నమాట. ఇలాంటి తోటమాలులకి సన్మానాలు కూడా జరుగుతుంటాయి.

ఆ ఏటి మొగ్గ లెక్కల టీచరు తరగతిలోనే తేలింది. ఆఖరి బెంచీ అమ్మాయి. లెక్క తప్పు చెయ్యదు, కానీ మెల్లగా చేస్తుంది. మిగతావాళ్లు పేపరు ఇచ్చేసి బయట అరుస్తుంటే తను సగంలో ఉంటుంది. టీచరు రోజూ మధ్యాహ్నం కూర్చోబెట్టి చెప్తూంటే ఇప్పుడిప్పుడే చెయ్యి వేగం అందుకుంటోంది. ఇంతలో వాళ్లమ్మ గేటు దగ్గర కనిపించి, ఇంకో బడి చాలా దూరమనీ, ఒక్కదాన్నీ పంపలేమనీ, ఇక్కణ్ణుంచి తీసేస్తే ఇంట్లో కూర్చోబెట్టడమేననీ చెప్పి వెళ్లింది. ఏడవలేదు, బతిమాలలేదు. చెప్పి వెళ్లింది, అంతే. టీచరుకి ఆపూట అన్నం సహించలేదు.

అడుగుదామంటే ఆవిడది ప్రొబేషన్. శనివారం మధ్యాహ్నం ధైర్యం చేసి, ఆ పిల్లని ఉంచమని మీటింగులో అడిగితే ఏమవుతుందని పంతులుగార్ని గుసగుసగా అడిగింది. పంతులుగారు ముందు లేచి కిటికీ మూశారు.

"పై ఏడు అడుగుదురుగాని లెండి."

"పై ఏడు ఆ పిల్ల ఉండదు కదండీ."

"అదేనమ్మా నేననేది. అప్పుడిక అడగాల్సిన అవసరమే ఉండదు."

పక్క బల్లమీద మాస్టారు విరిగిన గ్లోబుకి కాలు అతికిస్తున్నాడు. తలెత్తకుండానే, "ఆ అమ్మాయి లెక్కలు చేస్తుందా, చెయ్యదా?" అన్నాడు.

"చేస్తుందండీ. మెల్లగా."

"ఊఁ," అని జిగురు మూత తిప్పాడాయన.

టీచరు చప్పున లేచింది. ఈయన గనక నోరు తెరిస్తే పిల్లతోపాటు తనకీ టీసీ ఖాయం. దగ్గరికి వెళ్లి, మీకు పుణ్యముంటుంది, ఆ పిల్ల ఊసు మాత్రం మీటింగులో ఎత్తకండని బతిమాలుకుంది. ఆ పిల్ల గురించి ఒక్క ముక్క అననమ్మా అని ఆయన మాటిచ్చాడు. ఇచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు కూడా.

మీటింగులో ప్రిన్సిపాల్‌గారు అనువైన వాతావరణం గురించి చదివారు. ఆ అమ్మాయి పేరు చదివారు. అభ్యంతరమా అంటూ ఫైలు మూశారు. కళ్లద్దాలు బల్లమీదికి వచ్చాయి. క్రాఫ్టు టీచరు గ్లాసు దగ్గరికి లాక్కుంది. లెక్కల టీచరు కళ్లు మూసుకుంది.

"ఒక్కరిద్దర్ని పంపితే ఏం సరిపోతుంది సార్," అన్నాడు మాస్టారు. "పిల్లలందర్నీ పంపించేద్దాం. అసలు పిల్లలే లేకపోతే ఫెయిలయ్యేవాడే ఉండడు. మన ఫలితాల్ని ఇక ఏ బడీ అందుకోలేదు."

"మాస్టారూ, కూర్చోండి."

"కూర్చుంటాను సార్. అదీ కుదరదంటే, గేటు మీద బోర్డు మార్పిద్దాం. పాసవుతారని తెలిసినవాళ్లనే పరీక్షకి పంపే బడి అని నిజం రాయిద్దాం. తల్లిదండ్రుల్ని పిలిచి, వాళ్ల ఎదురుగానే దీనిమీద చర్చ పెడదాం. టీ నేను ఇప్పిస్తాను."

ఆ తర్వాత చాలాసేపు ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియలేదు. పంతులుగారు బడి పరువన్నారు. డ్రిల్లు మాస్టారు అలవాటుగా ఈలకోసం జేబు తడుముకున్నాడు. ప్రిన్సిపాల్‌గారి మొహం మందారం రంగుకొచ్చింది. ఆయనకి బోర్డు కళ్లముందు ఆడుతున్నట్టుంది, చర్చా, చర్చా అని చేత్తో గాలిని కొట్టిపడేస్తున్నారు. ఆ రభసలో మాస్టారు లెక్కల టీచరు వైపు తిరిగి కనుబొమలెగరేశాడు. కళ్లద్దాలు లేకపోవడంవల్ల ఆ సైగ ఆవిడ పక్కనున్న బీరువాకి అందింది. అయినా ఆవిడకి అర్థమైంది.

లేచి నిలబడ్డాక గానీ లేచానని ఆవిడకే తెలియలేదు. "సార్, బోర్డు గొడవ నాకు తెలీదండీ. ఆ ఒక్క అమ్మాయిని ఉంచండి చాలు. రోజూ నేను చెప్తాను. అప్పటికీ ఫెయిలైతే, ఫెయిలవుతుంది."

నిషిద్ధమైన ఆ మాట రెండుసార్లు అంది. బల్ల విరగలేదు, ఫ్యాను ఊడిపడలేదు. ప్రిన్సిపాల్‌గారు మునిగేవాడికి కర్ర దొరికినట్టు ఆవిడ వైపు తిరిగారు.

"చూశారా మాస్టారూ? అభ్యంతరమంటే ఇలా పద్ధతిగా ఉండాలి. నేర్చుకోండి ఈవిడ దగ్గర. ఆ అమ్మాయి ఉంటుంది టీచరుగారూ. బోర్డు జోలికి మాత్రం ఎవరూ పోవద్దు."

ఇదేదో బాగుందనుకుని, క్రాఫ్టు టీచరు తన తరగతిలోనూ ఒక మొగ్గ ఉందని గొణిగింది. అదీ ఉంటుందన్నారు. ఏదో న్యాయం గుర్తొచ్చి అన్నారనుకునేరు. ఎలాగైనా మీటింగు ముగించి ఇంటికి పోవాలని అన్నారు. పెద్దవాళ్ల దయ చాలాసార్లు అలాగే కురుస్తుంది.

వరండాలో ఒకటో తరగతి టీచరు వెనకనుంచి వచ్చి నవ్వుతూ చెయ్యి పట్టుకుంది. "మీకూ జరిగిందన్నమాట. నేను కడుపుతో ఉన్నప్పుడు, కూర్చుని పాఠం చెప్పడానికి ఒక కుర్చీ అడగాలి. నోరు రాలేదు. ఆ శనివారం ఈయన లేచి, టీచర్లందరికీ క్లాసుల్లో పరుపులు వేయించాలన్నారు. పరుపుల మీద గంటసేపు యుద్ధం. నేను లేచి కుర్చీ అంటే, పరుపు కాదు కదా అని ప్రిన్సిపాల్‌గారే స్వయంగా మోసుకొచ్చి వేశారు."

ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ పడింది కూడా, ప్రిన్సిపాల్‌గారి తాళం మీద గొడవైన వారంలోనేనట. గడియ అడగడానికి సిగ్గుపడి చచ్చిన క్రాఫ్టు టీచరు ఆరోజు మాత్రం చాలా మర్యాదస్తురాలిలా కనిపించిందట.

మాస్టారు బస్‌స్టాపులో గ్లోబు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. లెక్కల టీచరు వెళ్లి పక్కన నిలబడింది. థాంక్స్ చెప్పాలని వెళ్లింది గానీ నోటికొచ్చింది వేరు.

"పిల్లలందర్నీ పంపెయ్యమని... నిజంగానే అన్నారా మాస్టారూ?"

"ఎవరైనా అంటారా అమ్మా అలా," అన్నాడాయన నొచ్చుకున్నట్టు. "మీరు ముందుగా చెప్పుంటే ఇంతకంటే మంచిది తయారుచేసేవాణ్ణి. పిచ్చిమాటలు ఊరికే పుట్టవు. హడావుడిలో కాస్త నాసిగా వచ్చింది."

"మరి బోర్డు సంగతి? అదీ పిచ్చిమాటేనా?"

ఆయన గ్లోబుని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"అది కాదు. అది అడగాలనే నా కోరిక, చేరినప్పట్నుంచీ. కానీ అంతటి మాట మామూలుగా వినిపించాలంటే, నాకంటే ముందు ఇంకా పెద్ద పిచ్చిమాట అనేవాళ్లు ఎవరైనా లేవాలి కదా. ఇన్నేళ్లలో ఒక్కరూ దొరకలేదు." మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు. "మీకేమన్నా తీరికవుతుందా టీచరుగారూ?"

ఆవిడ పగలబడి నవ్వింది. తనది ప్రొబేషన్ అని గుర్తుచేసింది. అలాంటివి తనవల్ల కాదని గట్టిగా చెప్పింది.

బస్సు ఎక్కి కూర్చునేసరికి రెండు పిచ్చిమాటలు తట్టాయి. రెండోది బాగానే ఉందనిపించింది.